మూడో లైను నిండకముందే పాత వంతెనల సంగతి చూడండి

రైల్వే బోర్డు ఛైర్మన్ గారికి, దక్షిణ మధ్య, దక్షిణ కోస్తా రైల్వేల జనరల్ మేనేజర్లకు, మూడో లైను పనులు చూస్తున్న నిర్మాణ విభాగాల, రైల్ వికాస్ నిగమ్ అధికారులకు నమస్కారాలు.

విషయం: కాజీపేట–విజయవాడ, విజయవాడ–గూడూరు మార్గాల్లో మూడో లైనును కొంతకాలం పక్కదారిగా వాడుకుని పాత రెండు లైన్ల మీది వంతెనలు, తూములు మార్చడం గురించి.

అయ్యా,

కాజీపేట–విజయవాడ మూడో లైను 2012-13లో మంజూరైంది, పొడవు సుమారు 220 కి.మీ. విజయవాడ–గూడూరు మూడో లైను 288 కి.మీ., మంజూరైంది 2015-16లో. ఢిల్లీ నుంచి, హౌరా నుంచి చెన్నైకి వచ్చే దారులు రెండూ విజయవాడలో కలిసి గూడూరు మీదుగా ఒకే దారిగా నడుస్తాయి. కాబట్టి ఈ లైను ఎంత అవసరమో మీకు మేం చెప్పేదేం లేదు. మేం రాస్తున్నది లైను వేయడం గురించి కాదు, వేశాక మొదటి రెండేళ్లు దాన్ని దేనికి వాడతారన్నదాని గురించి.

మేం కోరేది ఇదీ. ఏ సెక్షన్‌లో మూడో లైను తెరుచుకుంటే అక్కడ వెంటనే కొత్త రైళ్లు నింపకండి. ముందు దాని మీదికి రైళ్లు మళ్లించి, పాత అప్, డౌన్ లైన్ల మీద మార్చాల్సిన వంతెనలన్నీ మార్చేయండి. నింపడం ఆ తర్వాత. ఈ వరస తప్పితే మళ్లీ ఇంత వీలు దొరకదు. రెండు టైంటేబుళ్లు మారేసరికి మూడో లైనూ కిక్కిరిసిపోతుంది. అప్పుడు బ్రిడ్జి ఇంజినీరు ఎనిమిది గంటల బ్లాక్ (పని కోసం లైను మీద రైళ్లు ఆపడం) అడిగితే కంట్రోల్ ఆఫీసు నుంచి ఇప్పుడొచ్చే జవాబే వస్తుంది: ఇవాళ కుదరదు, మూడు గంటల్లో ఏమైతే అది చేసుకోండి. మూడు గంటల్లో తూము మారదు. గర్డర్‌కి, అంటే వంతెన దూలానికి, రంగు వేయొచ్చు.

సికింద్రాబాద్–వరంగల్–విజయవాడ దారి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1889లో పూర్తిచేసింది. విజయవాడ–చెన్నై దారి 1899 నాటిది. అంత పాత మార్గాల్లో సున్నం గచ్చుతో కట్టిన రాతి కమానులు, ఇటుక తూములు ఎన్నోసార్లు మరమ్మతులై, పొడిగింపులై, కొన్ని చోట్ల ఇంకా రైలు మోస్తుంటాయి. తర్వాత వచ్చిన రెండో లైను ఇంకో కాలపు లెక్కలతో కట్టింది. ఇప్పుడు పక్కనే మూడోది 2008 నాటి 25 టన్నుల ఇరుసు బరువు ప్రమాణంతో వస్తోంది. బండి బరువు మీటరు పొడవుకు ఎంత పడుతుందని చూస్తే 1926 నాటి మెయిన్ లైన్ ప్రమాణంలో 7.67 టన్నులు, 1987 నాటి దాంట్లో 8.25, 2008 దాంట్లో 9.33. మూడు తరాల లెక్కలు పక్కపక్కన పడుకున్నాయన్నమాట. సెక్షన్ మీద ఎంత బరువు బండి నడపొచ్చో తేల్చేది మాత్రం అన్నిటికన్నా బలహీనమైన వంతెనే. కొత్త లైను ఎంత గట్టిగా కట్టినా పాత రెండూ అలాగే ఉంటే బరువు బండ్లన్నీ ఒక్కదాని మీదికే తోయాలి. అలాంటప్పుడు మూడు లైన్లుండీ పూర్తి లాభం రాదు.

బరువు కన్నా మాకు ఎక్కువ భయం నీటి గురించి.

పాత కట్ట కింద తూము వెడల్పు 3 మీటర్లు అనుకోండి. కొత్త లైను కాస్త దూరం జరిగి ఎగువ వైపు పడింది, ఇప్పటి వరద లెక్క కట్టి దాని కింద 6 మీటర్ల బాక్స్ (పెట్టె ఆకారపు కాంక్రీటు తూము) పెట్టారు. కాగితం మీద కొత్త వంతెన భేషుగ్గా ఉంది. వాన పడినప్పుడు ఏమవుతుంది? 6 మీటర్ల దారిలోంచి దూసుకొచ్చిన నీరు 3 మీటర్ల గొంతు దగ్గర ఆగిపోతుంది. రెండు కట్టల మధ్య ఎవరూ తవ్వని చెరువొకటి తయారవుతుంది. దానికి అలుగు ఉండదు. సుడి తిరుగుతూ పాత కట్ట పాదాన్ని, కొత్త కట్ట లోపలి వాలును కోస్తుంది. కొత్త కట్ట లేనప్పుడు ఇదే నీరు ఎగువ పొలాల్లోకి పరుచుకుని మెల్లగా దిగేది. ఇప్పుడా జాగా కూడా పోయింది. కొత్త లైను దిగువన పడితే గొడవ ఇంకో రకం. పాత తూములోంచి వడిగా దూకే నీరు కొత్త బాక్స్ మొదట్లో నేలను తవ్వేస్తుంది. పాత తూము నేల మట్టానికీ కొత్తదాని మట్టానికీ అర మీటరు తేడా ఉన్నా చాలు. కాబట్టి మూడు లైన్ల కింద నీటి దారి ఒకే వెడల్పు, ఒకే వాలు, ఒకే నేల మట్టం ఉండాలి. లేని చోట కొత్తదాన్ని ఎంత పెద్దగా కట్టినా వరద లెక్క పాత గొంతు దగ్గరే తేలుతుంది.

ఇవి ఊహించి చెబుతున్నవి కావు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె–కేసముద్రం మధ్య కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. దేశంలో ఉత్తర దక్షిణాలను కలిపే దారి రోజుల తరబడి ఆగింది. 2021 నవంబర్‌లో నెల్లూరు–పడుగుపాడు మధ్య పెన్నా వరద పట్టాల మీదుగా పారింది. ఇలాంటి చోట్ల మొదట పోయేది నది మీది పెద్ద వంతెన కాదు, దాని పక్కనుండే కట్ట. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర చెరువు తెగిన నీటికి చిన్న వంతెన కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ అందులో పడి వంద మందికి పైగా చనిపోయారు. గోదావరి, కృష్ణ లాంటి వంతెనల మీద అందరి కన్నూ ఉంటుంది. ప్రాణాలు తీసేది చాలాసార్లు పేరు లేని వాగు.

రైల్వే వాడుకలో దీనికో రిజిస్టరు ఉంది: రైల్వే అఫెక్టింగ్ ట్యాంక్స్, అంటే తెగితే రైలు కట్ట మీదికి వచ్చే చెరువుల జాబితా. ఏటా వానలకు ముందు నీటిపారుదల శాఖతో కలిసి ఆ చెరువులు చూసి రావాలి. వరంగల్, మహబూబాబాద్ ప్రాంతంలో ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే కిందవి వరసగా తెగుతాయి. అందుకే రైలు కట్టకు దగ్గరున్న చెరువొక్కటి చూసి వస్తే లాభం లేదు. పూడిక తీసి, కట్టలు పెంచి, అలుగులు మార్చిన చెరువుల కొత్త కొలతలు ఈ రిజిస్టరులోకి ఎక్కాయా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఎక్కకపోతే మూడో లైను బాక్సుల వరద లెక్క కూడా పాత చెరువుల లెక్కే. మామూలు వంతెనలకు 50 ఏళ్లకోసారి, ముఖ్యమైన వాటికి 100 ఏళ్లకోసారి వచ్చే వరద లెక్క కడతాం. వరద మట్టానికీ కట్ట పైభాగానికీ కనీసం మీటరు తేడా ఉంచుతాం. ఆ మీటరు ఏ చెరువును లెక్కలో పెట్టుకుని వచ్చిందో ఫైలులో రాసి ఉండాలి.

ఇక తూము మార్చే పని. మూడో లైను ఉంటే ఇది ఎంత తేలికవుతుందో చెప్పాలంటే బ్లాక్ లోపల జరిగేదేమిటో గంటల వారీగా చూడాలి.

లోపల 3 × 3 మీటర్లు, గోడ మందం 350 మి.మీ. ఉన్న బాక్స్‌ను 1.5 మీటర్ల ముక్కలుగా ముందే పోసి పెడతారు. ఒక్కో ముక్క 17 టన్నుల పైచిలుకు తూగుతుంది. కట్ట కింద నుంచి 15 మీటర్లు చేయి చాపి దాన్ని దించాలంటే వంద టన్నుల పైబడ్డ క్రేన్ కావాలి. క్రేన్ మీద రాసి ఉండే సామర్థ్యం దగ్గరగా ఎత్తేటప్పటిది, చేయి చాపేకొద్దీ అది వేగంగా పడిపోతుంది. టెండర్‌లో యాభై టన్నుల క్రేన్ రాసుకుని బ్లాక్ రోజున బిక్కమొహం వేయడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. నల్లరేగడి నేలలో క్రేన్ కాళ్ల కింద స్లీపర్లో, ఇనుప పలకలో పరవకపోతే ఎత్తిన ముక్కతో సహా ఒరుగుతుంది.

ఎనిమిది గంటల బ్లాక్‌లో పట్టాలు కోసి పక్కకు తీయడానికి ముప్పావు గంట. కట్ట తవ్వి పాత తూము పగలగొట్టడానికి రెండున్నర గంటలు. అడుగున గ్రావెల్ పరిచి పలకలు వేయడానికి ముప్పావు గంట. ముక్కలు దించి ఆనించడానికి గంటన్నర, వెనక నింపుడు గంటన్నర, కంకర పోసి పట్టాలు కలిపి ప్యాకింగ్ చేయడానికి (స్లీపర్ల కింద కంకర దట్టించడానికి) గంట. మొత్తం సరిగ్గా ఎనిమిది. ఆలస్యాలకు నిమిషం కూడా మిగల్లేదు. ఆలస్యం మాత్రం తప్పక వస్తుంది, ముఖ్యంగా పగలగొట్టే దగ్గర. పాత డ్రాయింగులో లేని పునాది గోడ బయటపడుతుంది, లేదా అడుగున ఊట తగులుతుంది. సిగ్నల్ కేబుళ్లను ముందే పక్కకు జరపకపోతే ఎక్స్‌కవేటర్ బకెట్‌కు చిక్కుతాయి, అప్పుడు రెండు స్టేషన్ల మధ్య సిగ్నళ్లే పోతాయి. పైన కరెంటు తీగ ఉంటుంది కాబట్టి లైన్ బ్లాక్‌తో పాటు పవర్ బ్లాక్ కూడా కావాలి. అది అరగంట ఆలస్యంగా దొరికితే ఆ అరగంట కోత నింపుడు పని మీదే పడుతుంది.

అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. తూము వెనక 600 మి.మీ. మందాన రాళ్లు, ఆ వెనక గ్రావెల్ పొరలు పొరలుగా వేసి గట్టిపరచాలి. టైము మించిపోతుంటే తవ్వి తీసిన మట్టినే మళ్లీ తోసేస్తారు. ఎండాకాలంలో తేడా తెలియదు. మొదటి వానకు ఆ మట్టి కూర్చుంటుంది, తూముకు రెండు వైపులా పట్టాలు దిగుతాయి, 20 కి.మీ. కాషన్, అంటే అంతకు మించి వేగం వద్దన్న ఆంక్ష, పడుతుంది. 2022 నుంచి 130 కి.మీ. వేగానికి తెచ్చుకున్న దారి ఇది. 700 మీటర్ల గూడ్సు 200 మీటర్ల కాషన్ దాటాలంటే 900 మీటర్లు 20 వేగంతో పాకాలి, రెండు నిమిషాల ముప్పావు పడుతుంది. 75 వేగంతో అయితే ముక్కాలు నిమిషం కూడా పట్టదు. బ్రేకు వేయడానికి, మళ్లీ వేగం అందుకోవడానికి పట్టే టైము దీనికి అదనం. బ్లాక్‌లో ఆదా చేశామనుకున్న గంట ఇలా నెలల తరబడి ప్రతి బండి మీదా వసూలవుతుంది.

మూడో లైను నడుస్తుంటే ఇదే పనికి ఎనిమిది గంటల బదులు ఇరవై నాలుగు గంటలు ఇవ్వొచ్చు. మిగతా రెండు లైన్ల మీద రాకపోకలు సాగుతూనే ఉంటాయి. నింపుడు నిదానంగా అవుతుంది, కంకర దట్టించే ట్యాంపింగ్ మెషీన్ రెండు విడతలు తిరుగుతుంది, మొదటి బండే ఎక్కువ వేగంతో పోతుంది. మా వాదనకు ఆయువుపట్టు ఇదే.

అయితే దానికో షరతుంది. మూడో లైను రెండు దిక్కులా సిగ్నళ్లతో పనిచేయాలి, ప్రతి స్టేషన్ దగ్గర మూడు లైన్ల మధ్యా అటూ ఇటూ మారే క్రాస్ఓవర్లు ఉండాలి. ఖర్చు తగ్గించడానికి రెండు మూడు స్టేషన్లకొకచోట పెడితే పక్కదారి పొడవు 10 కి.మీ. బదులు 30 అవుతుంది, వీలంతా అక్కడే హరించుకుపోతుంది. యార్డులో పాత ఇంటర్‌లాకింగ్ (సిగ్నళ్లను, పట్టాల మలుపులను ముడిపెట్టే ఏర్పాటు) ఒకసారి ఆపి కొత్తది పెట్టాక క్రాస్ఓవర్ కలపాలంటే మళ్లీ మొదటికి రావాలి. ఇప్పుడే పెట్టించండి.

తవ్వకం పక్కన నడిచే లైను గురించి కూడా ఒక మాట. లైన్ల మధ్య దూరం 5.3 మీటర్లే ఉన్న చోట నాలుగు మీటర్ల లోతు తవ్వితే మట్టి వాలు పక్క లైను కంకర కిందికి పోతుంది. షీట్ పైళ్లో (నేలలోకి దిగగొట్టే ఉక్కు రేకులు), పాత పట్టాలు దిగగొట్టి వాటి వెనక పలకలో పెట్టకుండా తవ్వకం మొదలుపెట్టకూడదు. ఎక్స్‌కవేటర్ వెనక భాగం తిరిగినప్పుడు పక్క లైను మీదికి వస్తుంది. దానికి కట్టడి గీత, విజిల్‌తో ఒక మనిషి, పక్క లైను మీద కాషన్, మూడూ ఉండాలి. మనుషులు తక్కువున్నారని మొదట పక్కన పెట్టేది ఆ విజిల్ మనిషినే.

గర్డర్ వంతెనలది వేరే కథ. 1905కు ముందు తయారైన ఉక్కులో భాస్వరం ఎక్కువ. అది పెళుసు, హెచ్చరించకుండా విరుగుతుంది, వెల్డింగుకు లొంగదు. అలాంటి గర్డర్లు ఎక్కడ మిగిలి ఉన్నా వాటిది మొదటి వంతు. స్టీలు గర్డర్ తీసి కాంక్రీటు పలక వేసి దాని మీద కంకర పరిస్తే ట్రాక్ మెషీన్ ఆగకుండా పోతుంది, నిర్వహణ తగ్గుతుంది. అందరూ కోరేది అదే. కానీ ఆ పలక, కంకర కలిపి పాత గర్డర్ కన్నా ఎన్నో రెట్లు బరువు. కింద ఉన్నది సున్నం గచ్చు స్తంభమైతే ముందు దాని నుంచి నమూనాలు తీసి పరీక్షించాలి. బలం చాలక చుట్టూ కాంక్రీటు తొడుగు వేస్తే స్తంభం లావెక్కి నీటి దారి సన్నబడుతుంది. అంటే పైన చెప్పిన గొంతు సమస్యను మనమే తయారుచేసుకున్నట్టు. పైగా కంకర డెక్కు వల్ల పట్టాల మట్టం లేస్తుంది. దానికి తగ్గట్టు రెండు వైపులా వాలు సవరించాలి, కరెంటు తీగ ఎత్తు సవరించాలి. దగ్గర్లో రోడ్డు ఓవర్‌బ్రిడ్జి ఉంటే దాని కింద జాగా చాలుతుందో లేదో కొలవాలి. ఓవర్‌బ్రిడ్జి కింద తీగ తగలబోతోందని గర్డర్ దించే రోజున తెలిస్తే ఆ బ్లాక్ వృథా.

పక్కదారి లేకపోతే ఎలా ఉంటుందో రాజమండ్రిలో చూడొచ్చు. 1900లో తెరిచిన 56 ఖానాల (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాల) హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. ఇప్పుడున్నవి 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, 97.55 మీటర్ల ఖానాలు 28 ఉన్న ఆర్చి వంతెన. రెండిటి మీదా ఒక్కో లైనే. ఒకదాని మీద పెద్ద పని పెట్టుకుంటే హౌరా దారంతా రెండోదాని మీద సింగిల్ లైనుగా నడవాలి. అందుకే అక్కడ ఏ పనైనా గంటల్లో, తప్పితే రాత్రుల్లో జరగాలి. కాజీపేట, గూడూరు సెక్షన్లకు మూడో లైను రూపంలో దొరికిన వీలు గోదావరి మీద లేదు.

పనికి రుతువులు కూడా చూసుకోవాలి. కాజీపేట–విజయవాడ వైపు వాగులు జూన్ నుంచి అక్టోబర్ దాకా పారతాయి, ఒంగోలు–గూడూరు వైపు ముప్పు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తుపాన్లతో. అంటే తెలంగాణ వైపు సీజన్ డిసెంబర్ నుంచి మే దాకా, నెల్లూరు వైపు జనవరి నుంచి సెప్టెంబర్ దాకా. క్రేన్లు, రిలీవింగ్ గర్డర్లు (కింద పని జరుగుతుండగా పట్టాలను మోసే తాత్కాలిక దూలాలు), అనుభవమున్న గ్యాంగులు జూన్‌లో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగితే ఏడాదిలో ఎక్కువ భాగం పని ఆగదు. ఒక్క చిక్కు, ఏప్రిల్–మే ఎండల్లో వాగు ఎండినా పట్టాలు కాగుతాయి. పొడవుగా వెల్డ్ చేసిన పట్టాల పక్క కంకర కదిపితే మధ్యాహ్నానికి అవి పాములా మెలికలు తిరుగుతాయి. ఆ నెలల్లో తవ్వకం తెల్లవారకముందే మొదలవ్వాలి. పట్టాల్లో బిగువు ముందే సడలించి పనికి రెండు వైపులా తాత్కాలిక జాయింట్లు పెట్టాలి.

ఇదంతా ఇంజినీర్లకు తెలియదని కాదు. అడ్డం పడేది పద్దు. మూడో లైను డబ్బు రైల్వే బడ్జెట్‌లో ప్లాన్ హెడ్ 15 అనే పద్దు కింద, నిర్మాణ విభాగం చేతిలో. పాత వంతెనల డబ్బు ప్లాన్ హెడ్ 32 కింద, డివిజన్ చేతిలో. నిర్మాణ విభాగం తన లైను అప్పజెప్పి, బాక్సులు పోసే యార్డు ఎత్తేసి, క్రేన్లు పంపేస్తుంది. రెండేళ్ల తర్వాత డివిజన్ అదే వాగు దగ్గర మళ్లీ కొత్త టెండరు, కొత్త యార్డు. యార్డు ఉండగానే పాత లైన్ల బాక్సు ముక్కలూ అక్కడే పోయించేలా రెండు పద్దులకు ఒకే కాంట్రాక్టు అనుమతించండి. రిలీవింగ్ గర్డర్లకు, కొత్త ఖానాలకు రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులు ఒక్కో వంతెనకు కాక సెక్షన్ మొత్తానికి ముందే కట్టకట్టి పంపండి. విజయవాడ డివిజన్ కొత్త దక్షిణ కోస్తా జోన్‌లోకి మారే సందర్భంలో బ్రిడ్జి రిజిస్టర్లు, పాత డ్రాయింగులు, వరద మట్టాల రికార్డులు సికింద్రాబాద్ అల్మారాల్లో ఉండిపోకుండా చూడండి. ఒక డ్రాయింగు పోతే ఎక్స్‌కవేటర్ ముందు కనపడని గోడ బయటపడుతుంది.

చివరిగా మేం అడిగేది ఒక కాగితం. సెక్షన్ వారీగా, వంతెన నంబరు వారీగా: కట్టిన ఏడు, పాత లైన్ల కింద నీటి దారి ఎంత, మూడో లైను కింద ఎంత, ప్రమాద మట్టం ఎంత, ఎగువన ఏ చెరువులున్నాయి, మార్చాలా వద్దా, మారిస్తే బ్లాక్ ఏ నెలలో. నీటి దారి అంకెలు రెండూ పక్కపక్కన రాస్తే ఎక్కడ గొంతు ఉందో ఇంజినీరు కానివాళ్లకూ కనపడుతుంది. ఆ పట్టిక సెప్టెంబర్ లోపు తేలాలి. బాక్స్ ముక్కల కాంక్రీటు 28 రోజులు తడిసి బలం పుంజుకోవాలి, కాబట్టి అక్టోబర్‌లో పోత మొదలైతేనే డిసెంబర్ మొదటి బ్లాక్‌కు క్రేన్ కొక్కేనికి తగిలించడానికి ముక్క ఉంటుంది.

ఇట్లు,
ట్రాక్, వంతెనల నిర్వహణ పని తెలిసిన కొందరు